బుద్ధిమంతురాలు

ఓస్లో, సెప్టెంబరు

ప్రియమైన దేవకృప అక్కకి,

నీ చెల్లి వందనాలు. ఫోన్ చేస్తే నీ పిల్లల గోలలో సగం మాటలు వినపడవు. అందుకే రాస్తున్నాను.

నేను పనిచేసే ఈ నార్వే పసిపిల్లల బడికి సర్కారు ఇచ్చే డబ్బు తగ్గిస్తారట. తల్లిదండ్రులు మీటింగు పెట్టారు. చిన్నపిల్లల చదువు మీద మన దేశం ఎంత పెడుతుందో, ఇక్కడ ఎంత పెడుతున్నారో పోల్చి చెప్పమని నన్ను అడిగారు. అంకెలు నెట్‌లో దొరికాయి, కానీ వాటిని చూస్తే ఏమీ అర్థం కాదు. నీ అంగన్‌వాడీలో ఒక రోజు ఎట్లా గడుస్తుందో రాయి. ఇక్కడ మూడేళ్ళు దాటిన పిల్లలైతే ఆరుగురికి ఒక మనిషి ఉండాల్సిందే. నవ్వకు.

నీ షెకీనా

లాలాగూడ, అక్టోబరు

చెల్లీ షెకీనా,

నవ్వాను. ఆరుగురికి ఒక మనిషా! పొద్దంతా ఏం చేస్తుందమ్మా, జడలేసుకుంటుందా? నాకు ముప్ఫై మంది. తోడు ఆయా బాలమ్మ, ఆమెకి మోకాళ్ళ నొప్పులు. గుడ్లు ఉడకాలి, పాలు పొయ్యాలి, బరువులు చూడాలి, ఫొటోలు ఫోన్లో ఎక్కించాలి. మధ్యలో ఏదో ఒక సర్వే. సాయంత్రానికి నా గొంతు పోతుంది.

దేవుడు దయ తలచి వాళ్ళలో ఒక్క నెమ్మది పిల్లని ఇచ్చాడు. సృజన. తల్లి కాంతమణి సైనిక్‌పురిలో ఇళ్ళలో పనికి పోతూ రెండేళ్ళుగా నా దగ్గర దించుతోంది. మూల కూర్చోబెడితే రంగు బిళ్ళలు పేర్చుకుంటూ ఉంటుంది. ఏడవదు, కొట్లాడదు, మాటే లేదు. రైలు కూత వేస్తే అందరూ కిటికీ మీద పడతారు, ఆమె కదలదు. ఎంత బుద్ధిమంతురాలో! ఆమెని చూపించే మిగతా వాళ్ళకి బుద్ధి చెబుతాను. నీ లెక్కలో రాసుకో, ఈ పిల్ల మీద సర్కారుకి నా గొంతు ఖర్చు కూడా లేదు.

ముద్దులతో,
అక్క

ఓస్లో, నవంబరు

అక్కా,

నీ ఉత్తరం మా బడి వాళ్ళకి చదివి వినిపించాను. జడల మాటకి అందరూ నవ్వారు. సృజన దగ్గరికొచ్చేసరికి మా పెద్ద టీచరు నన్ను ఆపింది. రైలు కూతకి కూడా తల తిప్పదా అని రెండుసార్లు అడిగింది. ఇక్కడ గోల చేసే పిల్లల కన్నా చప్పుడు చెయ్యని పిల్లలంటేనే మాకు భయం.

కోపం తెచ్చుకోకు. రేపు ఆ పిల్ల వెనక నిలబడి ఒక స్టీలు పళ్ళెం మోగించు. వెంటనే నాకు రాయి.

షెకీనా

లాలాగూడ, ఫిబ్రవరి

నా షెకీనాకి,

వెంటనే రాయలేదు. మొదట కోపమొచ్చింది, అంత దూరాన కూర్చుని నా పిల్లల గురించి నాకే చెబుతుందా అని. వారమంతా పళ్ళెం ముట్టలేదు. చివరికి గరిటెతో కొట్టాను. గదిలో పిల్లలంతా తిరిగి చూశారు. బాలమ్మ వంటగదిలోంచి వచ్చింది. సృజన ఎర్ర బిళ్ళ మీద పచ్చ బిళ్ళ పెట్టుకుంటూనే ఉంది.

ఆస్పత్రికి నేనే తీసుకెళ్ళాను. పుట్టుకతోనే వినపడదట. నా దగ్గర చేరిన కొత్తలో తెచ్చినా మాటలు వచ్చేవేమో, ఇప్పుడు చెవికి మిషన్ పెట్టినా ఎంత వస్తాయో చెప్పలేమన్నారు డాక్టరు. కాంతమణి నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. బయటికొచ్చాక మెల్లగా అంది, "ఇంట్ల మాట్లాడతలేదని నాకు ఫికర్ ఉండె టీచర్. మీరే బుద్ధిమంతురాలు అంటిరి గదా, గందుకే ఊకున్న."

నీ మీటింగు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. మళ్ళీ ఎవరైనా అడిగితే గుడ్లు, పాలు లెక్క చెప్పకు. ఒక పిల్లని వెనక నుంచి పిలిచి, తిరుగుతుందో లేదో చూసే తీరిక మీ సర్కారు డబ్బు పెట్టి కొన్నది. మాది కొనలేదు. తీరిక లేని నేను, ఆ పిల్ల మౌనాన్ని సుఖమనుకున్నాను.

ఇప్పుడు సృజనని మూల కూర్చోబెట్టను, ఒళ్ళోనే ఉంచుకుంటాను. ఆస్పత్రిలో నేర్పినట్టు ఆమె చెయ్యి తీసి నా గొంతు మీద పెట్టుకుని "సృజనా" అంటాను. గొంతు అదిరితే నవ్వుతుంది. ఆపితే, ఇంకోసారి అనమని వేళ్ళతో తడుతుంది. మిగతా పిల్లలు కొట్టుకుంటున్నా లేవను, సాయంత్రం దాకా దాని పేరే అంటూ కూర్చుంటాను.

అక్క