ముప్పయ్యో పేరు

ఫ్లోరిడా,
జూలై 14, 2025

ప్రియమైన నాన్నకు,

ఆగస్టు 4, సోమవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు మా క్లబ్ ఇద్దరు ఆటగాళ్లలో ఒకరిని వదిలేస్తుంది. ఎవరిని వదిలేయాలన్నది నేను ఇచ్చే జాబితాను బట్టి ఉంటుంది.

ఇది ఫోన్‌లో చెప్పొచ్చు. ఫోన్‌లో అయితే నువ్వు సగం విని స్కోరు అడుగుతావు. అందుకే మెయిల్.

మా మేజర్ లీగ్ బేస్‌బాల్ టీమ్ కింద నాలుగు మెట్లుగా చిన్న టీములున్నాయి. వాటిలో నూట అరవై మంది దాకా ఆడుతున్నారు. వాళ్లలో పైకి రాగల ముప్పై మందిని వరుసలో పెట్టడం ఈ ఏడాది నుంచి నా పని. ఇరవై తొమ్మిది పేర్లు తేలాయి. ముప్పయ్యో పేరు కోసం ఇద్దరున్నారు. ఒకడు టైలర్ బ్రెన్నన్ అనే క్యాచర్, అంటే మీ వికెట్ కీపర్ లాంటివాడు. రెండోవాడు రుత్విక్, సెకండ్ బేస్‌లో ఆడతాడు. ఇద్దరూ మీకు దగ్గర్లోనే, వెల్‌బ్రూక్ టీమ్‌లో, అంటే అట్టడుగు మెట్టులో ఉన్నారు. కొత్తగా తీసుకున్నవాళ్లు ఈ నెలాఖరుకి దిగుతారు, వాళ్లకి ఒక చోటు ఖాళీ కావాలి. ముప్పైలో ఉన్నవాడు మిగులుతాడు, లేనివాడు బ్యాగు సర్దుకుంటాడు.

రుత్విక్ అమెరికాలోనే, పార్సిప్పనీలో పుట్టి పెరిగాడు. ఇరవై రెండేళ్లు. వాళ్ల నాన్న రాఘవులు గారు ఫార్మా కంపెనీలో కెమిస్ట్. రుత్విక్ నూరుసార్లు బ్యాటింగ్‌కి దిగితే ఇరవై హిట్లు కొడుతున్నాడు. ఇది తక్కువ. టైలర్‌వి ఇరవై నాలుగు. మా దగ్గర మార్కులు ఇరవై నుంచి ఎనభై దాకా ఉంటాయి. బ్యాటింగ్‌లో రుత్విక్‌కి నేను నలభై వేశాను, టైలర్‌కి నలభై అయిదు.

నేను సెప్టెంబర్ దాకా ఇక్కడే, శిక్షణ శిబిరంలో ఉండాలి. నువ్వు అన్నయ్య ఇంటికి ఆష్‌బర్న్ వచ్చినప్పటి నుంచి శనాదివారాలు వెల్‌బ్రూక్ మైదానంలోనే కూర్చుంటున్నావని వదిన చెప్పింది. పుస్తకంలో ప్రతి బంతీ రాస్తున్నావట. రుత్విక్ గురించి నీ పుస్తకం ఏం చెబుతోందో రాయి. ‘మనవాడు’ అన్న మాట మాత్రం అందులో కనబడకూడదు. మా డైరెక్టర్ దగ్గర ఆ మాటకి నేను జవాబు చెప్పుకోలేను.

అమ్మ మోకాలు ఎలా ఉంది?

నీ
రజిని

*

ఆష్‌బర్న్,
జూలై 20, 2025

చిరంజీవి రజినికి ఆశీస్సులు.

ముందు తీర్పు, తర్వాత వివరం: ఆ అబ్బాయిని జాబితాలో పెట్టకు.

మే మూడో తేదీ నుంచి ఇవాళ్టి దాకా పద్నాలుగు ఆటలు చూశాను. విజయవాడలో ముప్పై నాలుగేళ్లు క్రికెట్‌కి స్కోరు రాసినట్టే ఇక్కడా రాశాను. ప్రతి బంతికీ ఒక గీత, బ్యాటు తగిలితే బంతి ఎటు పోయిందో అటు గీత. రుత్విక్ బ్యాటుకి తగిలి, హద్దు గీతల బయట పడ్డ బంతులు, అంటే మీరు ఫౌల్ అనేవి, అరవై మూడు. నా లెక్కలో అవన్నీ ఎడ్జ్‌లే. అరవై మూడు ఎడ్జ్‌లు ఇచ్చిన బ్యాట్స్‌మన్‌ని ఏ సెలెక్టరూ ఉంచుకోడు.

పైగా ఆట దిగజారుతోంది. మే, జూన్‌లలో చూసిన తొమ్మిది ఆటల్లో ముప్పై ఎనిమిది ఎడ్జ్‌లుంటే ఇరవై తొమ్మిది కుడి పక్కకి, ఫస్ట్ బేస్ వైపు స్టాండ్‌లోకి పోయాయి. జూలైలో చూసిన అయిదు ఆటల్లో ఇరవై అయిదుంటే, పంతొమ్మిది నేరుగా వెనక్కి, కీపర్ నెత్తి మీదుగా వెనక కట్టిన వలలోకి. పక్కకి పోతే బతుకుతాడు. వెనక్కి పోతే క్యాచ్. ఇది పదేళ్ల పిల్లాడికి కూడా తెలుసు.

ఈ మాట మైదానంలోనే అంటే మీ వదిన శాంతి నవ్వింది.

“మావయ్యా, ఇక్కడ వలకి తగిలితే అవుట్ ఇవ్వరు. అతను మళ్లీ ఆడతాడు.”

“ఆడతాడమ్మా. తప్పు తప్పే కదా?”

“ఏవండీ, వాళ్ల ఆట వాళ్లని ఆడుకోనివ్వండి,” అంది మీ అమ్మ. “పాప్‌కార్న్ చల్లారిపోతోంది.” మోకాలు బాగానే ఉంది. మెట్లెక్కి పై వరుసలోనే కూర్చుంటానంటోంది.

మొన్న ఇక్కడి తెలుగువాళ్లు తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ విందులో రాధాకృష్ణ గారని ఒకాయన నన్ను పక్కకి పిలిచారు. “మీ అమ్మాయి చేతిలోనే ఉందట కదా సార్! మనవాడికి ఒక చెయ్యి వేయమనండి. మన పిల్లలు స్పెల్లింగ్ పోటీలు గెలిచింది చాలు.” చెయ్యి వేస్తే దాన్ని రిపోర్టు అనరు, సిఫార్సు అంటారు అని చెప్పాను. ఆయన నాతో మాట్లాడ్డం మానేసి పులిహోర వైపు వెళ్లారు.

అబ్బాయి ఫీల్డింగ్‌లో తప్పు లేదు. పద్నాలుగు ఆటల్లో ఒక్క బంతి వదిలాడు. అయినా నా తీర్పు పైన రాసిందే. జూలై పేజీ ఫొటో తీసి జత చేస్తున్నాను.

మీ నాన్న
భీమశంకర్

*

ఫ్లోరిడా,
జూలై 22, 2025

ప్రియమైన నాన్నకు,

నీ తీర్పు తప్పు. నీ గీతలు సరైనవి. నిన్న పొద్దున్న నుంచి ఆ ఫొటో తప్ప వేరే పని చేయలేదు.

ఒకసారి మైదానంలో నిలబడ్డట్టు ఊహించుకో. రుత్విక్ కుడిచేతి బ్యాటర్. బంతి గంటకి తొంభై అయిదు మైళ్ల వేగంతో వస్తుంది. బ్యాటు ఆలస్యంగా వస్తే బంతి కుడి పక్కకి జారుతుంది. మే, జూన్‌లలో జరిగింది అదే, ఆలస్యం. బ్యాటు సరైన క్షణానికి వచ్చి, బంతికి ఒక్క వేలి మందం కిందుగా తగిలితే? నేరుగా వెనక్కి పోతుంది. క్రికెట్‌లో అది ప్రాణాలు తీసే ఎడ్జ్. ఇక్కడ అది హిట్‌కి ముందు మెట్టు. నువ్వు దిగజారుతున్నాడన్న నెలలోనే అతను అందుకుంటున్నాడు.

మా రిపోర్టులో ఫౌల్‌కి ఒక్కటే గడి ఉంది. ఫౌల్ అయిందా, లేదా. ఎటు పోయిందో రాసే గడి లేదు. హిట్లు రానప్పుడు బ్యాట్‌లో వచ్చిన మార్పు మా కంటికి కనబడదు. మా క్లబ్ ఆటలకి అది రాసి పెట్టిన మనిషివి నువ్వొక్కడివే. అదీ తప్పు అనుకుని రాశావు.

అయిదు ఆటలు చాలవు. ఈ రాత్రి నుంచి ఆదివారం దాకా వెల్‌బ్రూక్‌లో వరసగా ఆరు ఆటలున్నాయి. అన్నిటికీ వెళ్లగలవా? టైలర్‌ని కూడా రాయి. ఇద్దరికీ ఒకే కొలత ఉండాలి. ఈసారి మంచి, చెడు ఏదీ రాయొద్దు. ఎటు పోయిందో అంతే. పాత పేజీలు ఉన్నవి ఉన్నట్టే, కొట్టివేతలతో సహా పంపు. ఒక్క గీత కూడా దిద్దకు.

నీ
రజిని

*

ఆష్‌బర్న్,
జూలై 28, 2025

చిరంజీవి రజినికి ఆశీస్సులు.

ఆరు ఆటలూ చూశాను. మంగళ, బుధ, గురువారాలు శాంతి ఆఫీస్ నుంచి పెందలాడే బయల్దేరి నన్ను దించింది. యాభై నిమిషాల దారి. మిగతా మూడు రోజులూ మీ అన్నయ్య భానుప్రకాష్ డ్రైవ్ చేశాడు. పేజీలన్నీ జత చేశాను.

రుత్విక్: ఫౌల్స్ ముప్పై ఒకటి, నేరుగా వెనక్కి ఇరవై రెండు. ఇరవై రెండుసార్లు ఆడి ఏడు హిట్లు. టైలర్: ఫౌల్స్ పంతొమ్మిది, పక్కకి పన్నెండు. పంతొమ్మిదిసార్లు ఆడి అయిదు హిట్లు. టైలర్ కూడా మంచి ఆటగాడు. అది నువ్వు అడగలేదు, అయినా రాస్తున్నాను.

నీ మెయిల్ చదివి మొదట కోపం వచ్చింది. రెండు రోజులు వలలోకి పోయే బంతుల్నే చూశాక తగ్గింది. ముప్పై నాలుగేళ్లు ఒక ఆట చూసిన కళ్లతో ఇంకో ఆట చూశాను. తప్పు నాదే.

శనివారం ఆటకి ముందు రుత్విక్ కంచె దగ్గరికి వచ్చి, తన వచ్చీరాని తెలుగులో పలకరించాడు.

“అంకుల్, మీరు రోజూ వస్తుంది. ఏం డ్రా చేస్తున్నారు?”

“నీ ఫౌల్ బంతులు.”

“ఓ మై గాడ్. అవి ఎందుకు? హిట్స్ డ్రా చేయండి!”

“అవి గీయడానికి ఎక్కువ పేజీలు పట్టడం లేదు బాబూ.”

పడీపడీ నవ్వాడు. నవ్వు ఆగాక గొంతు తగ్గించాడు. “లాకర్ రూమ్‌లో అందరూ లిస్ట్ గురించే మాట్లాడుతున్నారు. నాన్న రోజూ కాల్ చేసి అడుగుతుంది. నేను ఉంటానా, అంకుల్?”

నాకు తెలియదన్నాను. అది నిజమే. నేనెవరో, నువ్వెవరో చెప్పలేదు.

ఇంకొకటి చెప్పాలి. పాత పేజీలు పంపేముందు తిరగేశాను. రుత్విక్ దగ్గర ‘అజాగ్రత్త’ అని తొమ్మిది చోట్ల రాశాను. అవే షాట్లకి వేరేవాళ్ల దగ్గర ఏమీ రాయలేదు. మనవాడని పొగిడానని ఎవరైనా అంటారేమోనని భయపడి, ముందే ఒక మెట్టు కిందికి తోశాను. అది కూడా పక్షపాతమే. నువ్వు నలభై వేసినప్పుడు ఏం ఆలోచించావో నేను అడగను. నువ్వే చూసుకో.

మీ నాన్న
భీమశంకర్

*

ఫ్లోరిడా,
ఆగస్టు 4, 2025

ప్రియమైన నాన్నకు,

రుత్విక్ ఉన్నాడు. ముప్పయ్యో పేరు అతనిదే. టైలర్‌ని వదిలేశారు.

నువ్వు అడగనన్నావు. చెబుతాను. జూన్‌లో రుత్విక్ బ్యాటింగ్‌కి ముందు నలభై అయిదు వేశాను. ఇంటిపేరు చూసి, డైరెక్టర్ ఏమనుకుంటారోనని కొట్టేసి నలభై చేశాను. నీ మెయిల్ వచ్చిన రోజే ఆ పాత ఫైల్ తెరిచాను. కొట్టివేత అక్కడే ఉంది.

శుక్రవారం మీటింగ్‌లో ముందు ఆ ఫైలే చూపించాను. తర్వాత నీ పేజీలు, ఇద్దరి వీడియోలు పక్కపక్కన పెట్టాను. ఆ పేజీలు మా నాన్న రాసినవని కూడా చెప్పాను. డైరెక్టర్ ఆ పేజీలన్నీ తిరగేశారు. తర్వాత మా వీడియో విభాగంలో ఇద్దరిని కూర్చోబెట్టి, నీ పుస్తకం చూపించకుండా అవే ఆటల్లో ఫౌల్స్ లెక్కపెట్టించారు. ఆదివారం సాయంత్రానికి లెక్క వచ్చింది. తొంభై నాలుగు ఫౌల్స్‌లో నీకూ వాళ్లకీ మూడింటి దగ్గర తేడా ఉంది. ఆ మూడింటిలో రెండు నీవే సరి అని తేలింది.

“మీ నాన్నగారి అభిప్రాయం ఏమిటి?” అని ఇవాళ పొద్దున్న మళ్లీ కూర్చున్నప్పుడు అడిగారు డైరెక్టర్.

“జాబితాలో పెట్టొద్దన్నారు,” అన్నాను. గదిలో అందరూ నవ్వారు. బ్యాటింగ్ నలభై అయిదు, ముప్పయ్యో స్థానం అని ఆయనే రాశారు.

పన్నెండింటికి టైలర్‌కి ఫోన్ చేసినప్పుడు నేనూ లైన్‌లో ఉన్నాను. ఉంటానని నేనే అడిగాను. “థాంక్యూ మ్యామ్” అన్నాడు. నాలుగు నిమిషాలు పట్టింది. ఇంకో క్లబ్ అతని వీడియో అడిగింది. సాయంత్రం పంపాను, నీ ఆరు ఆటల లెక్క కూడా కలిపి.

రుత్విక్‌కి ఇంకా ఖాయమైంది ఏమీ లేదు. ఈ సీజన్ సెప్టెంబర్ 7న ముగుస్తుంది, ఆ మర్నాడు మళ్లీ చూస్తారు. ఫౌల్ ఎటు పోయిందో రాయడానికి నాలుగు టీముల రిపోర్టుల్లోనూ రేపటి నుంచి కొత్త గడి ఉంటుంది.

రేపు, మంగళవారం సాయంత్రం 6:35కి వెల్‌బ్రూక్‌లో ఆట. రుత్విక్ సెకండ్ బేస్, బ్యాటింగ్‌లో ఆరో పేరు. గేట్లు 5:30కి తీస్తారు.

నీ
రజిని