నాన్నను పెట్టిన చోటు

థాయ్ బిన్, ఉత్తర వియత్నాం,
నవంబరు 1956

కొడుకు వియెన్‌కు,

అమ్మ దీవెనలు. నేను చెబుతుంటే నీ చెల్లెలు లువా రాస్తోంది. మేమిద్దరం బాగానే ఉన్నాం. వరి కోతకొచ్చింది. మీ పటాలం ఉన్నచోట చలి ఎక్కువట, మెడకు గుడ్డ చుట్టుకో.

ఒక కష్టమైన మాట చెప్పాలి. కొత్తేడాది టెట్ పండుగ వెళ్ళాక మీ నాన్న జ్వరంతో పోయారు. మంచాన పడి ఎన్నాళ్ళో లేరు. మన పొలంలోనే, తాతయ్య సమాధి పక్కన పెట్టాం. నువ్వు సెలవు అడగకు.

రెండో మాట మంచిది. భూమి పంపకంలో మనల్ని భూస్వాముల కింద జమకట్టారు. నువ్వు బెంగపడతావని రాయించలేదు. అది పొరపాటని ఇప్పుడు పార్టీయే ఒప్పుకుంది. మధ్యరకం రైతులమని తేల్చి, ఇల్లు మళ్ళీ మనకిచ్చేశారు. ఆ మాట చెప్పడానికి మన తువాంగే వచ్చాడు. ఫ్రెంచివాళ్ళు వెతుకుతుంటే మీ నాన్న గడ్డివాములో దాచి, నీ చేత అన్నం పంపించారే, ఆ తువాంగే. "తప్పు జరిగిపోయింది పెద్దమ్మా" అని వాకిట్లో నిలబడి ఏడ్చాడు. లోపలికి పిలిచి టీ పోశాను.

పార్టీ మీద మనసు విరుచుకోకు, నాయనా. కరువు ఏడాది జపానువాళ్ళ ధాన్యం కొట్టు పగలగొట్టి మనకు బియ్యం పంచింది వాళ్ళే. ఆ గంజితోనే నువ్వు బతికావు. నీ తమ్ముడికి అందలేదు. డియెన్ బియెన్ ఫూ కొండల్లో ఫ్రెంచివాళ్ళతో పోరాడుతుండగా నిన్ను పార్టీలో చేర్చుకున్నారని తెలిసిన రోజు మీ నాన్న వీధి వీధంతా తమలపాకులు పంచారు.

ఒళ్ళు జాగ్రత్త.

మీ అమ్మ

తా.క. అన్నయ్యా, ఇది అమ్మ చెప్పింది కాదు. తను కోతకు వెళ్ళాక నేను రాస్తున్నాను. నాన్నకు ఏ జ్వరమూ రాలేదు. భూస్వామి అని, ఫ్రెంచివాళ్ళ గూఢచారి అని జనం ముందు మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. మనింట్లో తిన్నవాళ్ళే వేలు చూపించి తిట్టారు. తీర్పు చెప్పిన వేదిక మీద తువాంగ్ కూడా ఉన్నాడు. నాన్న అతనివైపు తిరిగి, "నేనెవరో నువ్వు చెప్పు బాబూ" అన్నారు. అతను తల దించుకున్నాడు. మమ్మల్ని ఇంట్లో పెట్టి గడియ వేశారు. తుపాకి చప్పుడు మాత్రం విన్నాం.

తాతయ్య పక్కన ఎవరూ లేరు. మొన్న తువాంగ్ వచ్చినప్పుడు అమ్మ ఇంటి సంగతే ఎత్తలేదు. "ఆయన్ని ఎక్కడ పెట్టారు బాబూ? అగరుబత్తి వెలిగించుకుంటాను" అంది. "నాకు తెలీదు పెద్దమ్మా, నన్నడక్కండి" అని, టీ ముట్టకుండానే వెళ్ళిపోయాడు.

నీకు చెబుదామంటే అమ్మ ఒప్పుకోదు. "వాడికి ఉన్నది ఆ పార్టీ ఒక్కటే, అది కూడా లాగేసుకుంటావటే?" అంటుంది. నాకూ ఆ భయం ఉంది. కానీ మేం అడిగితే ఊళ్ళో ఒక్కరూ నోరు విప్పడం లేదు. నువ్వు పార్టీ మనిషివి, నీ చొక్కా మీద పతకం ఉంది. సెలవు పెట్టి రా. వచ్చి, నువ్వు అడుగు.