ప్రార్థన మనవిలో లేని గడ్డ

మేబెల్ అక్కా, నువ్వు లేవకముందే ఆసుపత్రికి బయలుదేరుతున్నాను. రేపు ఇంటికి పంపుతారు. నీలం టబ్బు కడిగి ఉంచు, రోజూ గోరువెచ్చని నీళ్లలో కూర్చోవాలట. నా కూరలో కారం వేయకు. ఇసబ్‌గోల్ తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాను.

ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు నువ్వు లేచి, “మా తమ్మునికి పైల్స్ ఆపరేషన్, అందరు ప్రార్థన చెయ్యుండ్రి” అన్నావు. బయటికి రాగానే లూకా అంకుల్ నా భుజం తట్టి, “ఏంది కాలేబూ, ఆరాధనంతా నిలబడే ఉన్నవ్, జెర కూసోరాదు?” అన్నాడు. అందరితో పాటు నువ్వూ నవ్వావు. అదే గుండె ఆపరేషన్ అయితే ఎవరూ నవ్వేవారు కాదు.

అప్పటి నుంచి నీతో సరిగా మాట్లాడలేదు. కోపం నిజమే. కానీ ఆ కోపం నాకు అక్కరకొచ్చింది కూడా. లోపల ఇంకో గడ్డ ఉందనీ, ముక్క తీసి పరీక్షకు పంపుతాననీ డాక్టర్ చెప్పాడు. నీతో మాట్లాడితే అది బయటపడేది. ఒంటరిగా గదిలో కూడా ఆ మాట పైకి అనలేకపోయాను.

సంఘంలో చెప్పకు. నీకు మాత్రమే రాస్తున్నాను.

నిన్న తోడు రావద్దన్నాను. రా అక్కా. పదింటికి లోపలికి తీసుకెళ్తారు.