దూది గూటి పిట్ట

సత్తెనపల్లి,
4-2-1958

ఒరేయ్ జయరావూ,

నీకు బుద్ధుందా? గూడు పార్సెల్ చేసి "ఇది ఏ పిట్టదో చెప్పు" అంటే సరిపోతుందా? రంగు రాయలేదు, పొట్ట రాయలేదు. పోర్టుబ్లెయిర్లో కలప షెడ్డుకు కాపలా కాస్తూ తలెత్తి చూడడానికి కూడా బద్ధకమేనా?

చైనావాళ్లు పిట్టగూళ్లు ఉడకబెట్టి తాగే సూపు కోసం మీ షెడ్డులోని గూళ్లన్నీ పీకించడానికి మీ ఓవర్సీరు మార్చిలో కాంట్రాక్టరును తెస్తున్నాడన్నావు. గూళ్లలో గుడ్లున్నాయన్నావు. అయితే విను. చిత్తుకాగితాల కొట్లో కొని, నాకు నేనే కూడబలుక్కుని చదివిన నా పుస్తకంలో మీ దీవుల పిట్టలు రెండున్నాయి. మట్టిరంగుది ఉత్త ఉమ్మితో గూడు కడుతుంది. సూపు దానితోనే. నల్లగా నిగనిగలాడుతూ పొట్ట తెల్లగా ఉండేది నాచుతో కట్టి ఉమ్మితో అంటిస్తుంది. దాన్ని ఎవడూ తాగడు. నీది ఏదో చూసి రాయి.

కానీ నీ గూట్లో దూది ఉందిరా! ఎనిమిదేళ్లుగా జిన్నింగు మిల్లులో పనిచేస్తున్నా. నా కళ్లు గప్పలేవు. ఇది మన నల్లరేగడి పత్తి.

నీ మీద మండిపడుతూ,
రంజాన్

తా.క.: మీ దీవిలో పత్తి పండుతుందా? అబద్ధమాడకు.


పోర్టుబ్లెయిర్,
27-2-1958

రంజాన్‌కు జయరావు నమస్కారాలు.

ఇక్కడ పత్తి మొక్క ఒక్కటీ లేదు. పిట్ట నా అరచేతిలో సగముంటుంది. వీపు నల్లగా నిగనిగ, పొట్ట తెలుపు. నువ్వన్న రెండోదే. గుడ్లు పిల్లలయ్యాయి. "సూపుకు పనికిరాదు" అని ఒక్క ముక్క రాసి పంపు, ఓవర్సీరుకు చూపిస్తా. "నీ స్నేహితుడు పక్షుల డాక్టరా?" అని అడిగాడు. అవునన్నాను.

భయంతో,
జయరావు

తా.క.: చీటీలో దూది సంగతి రాయకురా, వింటే నవ్వుతారు. నీకు దణ్ణం పెడతా.


సత్తెనపల్లి,
18-3-1958

ఒరేయ్ జయరావూ,

నన్ను డాక్టరునెందుకు చేశావురా? కూలీ చెబితే నిజం అబద్ధమైపోతుందా?

దూది సంగతి రాయొద్దా! ఆ పిట్ట నేలమీద వాలదు, ఏది కావాలన్నా గాల్లోనే పట్టుకుంటుందని పుస్తకంలో ఉంది. గాల్లో తేలే దూది మా మిల్లు చుట్టూ కాక ఇంకెక్కడుంది? కాబట్టి నీ పిట్ట సముద్రం దాటి ఇక్కడికొస్తోంది. మద్రాసులో పక్షుల పండితులకు రాసేశాను. పేరు కూడా పెట్టాను: సత్తెనపల్లి పిట్ట.

కాంట్రాక్టరుకు విడిగా చీటీ పెట్టాను: "అయ్యా, ఈ గూట్లో నాచు, మా దూది, పిట్ట ఉమ్మి తప్ప ఏమీ లేవు. నమ్మకపోతే ఉడకబెట్టి తమరే తాగండి."

వెనక్కి తగ్గని,
రంజాన్

తా.క.: పని మానేసి మిల్లు కప్పెక్కి ఆకాశం చూస్తున్నానని మేస్త్రీ తిట్టాడు. ఇప్పుడు ఆయనే ఎక్కి చూస్తున్నాడు.


పోర్టుబ్లెయిర్,
9-4-1958

రంజాన్‌కు,

కాంట్రాక్టరు నిజంగానే ఒక ఖాళీ గూడు ఉడకబెట్టించాడు. ఓవర్సీరు తాగాడు. పళ్ల సందుల్లోంచి దూది దారంలా లాగుతూనే ఉన్నాడు పాపం! కాంట్రాక్టరు తానొచ్చిన ఓడకే వెళ్లిపోయాడు. పిల్లలు ఎగిరాయి. గెలిచావురా.

ఇక కోపం తెచ్చుకోకుండా చదువు. నేను ఈ దీవికొచ్చేటప్పుడు మీ కరీమున్ పిన్నమ్మ మీ మిల్లు దూదితో దిండు కుట్టి ఇచ్చింది. ఇక్కడి చెమ్మకు రోజూ షెడ్డు ముందు ఎండేస్తాను. నిన్న దులిపితే, ఎప్పుడో ఊడిన కుట్టులోంచి దూది గాల్లోకి లేచింది. రెండు పిట్టలొచ్చి నా ముక్కు ముందే పట్టుకుపోయాయి. చూస్తే దిండు సగం ఖాళీ! మూడు నెలలుగా మెడనొప్పికి నూనె రాసుకుంటున్నాను.

మెడ తిరగని,
జయరావు

తా.క.: పండితులకు ఏం రాసుకుంటావో నీ ఇష్టం. పిన్నమ్మతో మాత్రం ఇంకో దిండు కుట్టించి పంపు. దూది దండిగా కూరమను. పిట్టలు మళ్లీ గూళ్లు మొదలుపెట్టాయి.