చీకటిపెట్టె మూత

2007 ఆగస్టు 14, మంగళవారం
కొత్తగూడెం

నాయినా,

ఈ పొద్దున మా కాలేజీ ల్యాబ్‌లో, నల్లగుడ్డ కప్పిన చీకటిపెట్టెలో స్ఫటికం మినుకుమంటే, తెర మీద గీత మునుపటికి రెట్టింపు ఎత్తు లేచింది! విశ్వంలో కంటికి కనబడని కృష్ణపదార్థాన్ని వెతికేవాళ్లు లోతైన గనుల్లో స్ఫటికాన్ని పెట్టుకుని ఇలాంటి మెరుపు కోసమే కాపు కాస్తారు. మెరుపును పట్టే సెన్సర్‌కూ స్ఫటికానికీ మధ్య గాలి చేరకుండా గ్రీజు రాసి అతికించాను, అంతే. నువ్వుంటే, బొగ్గుబాయిలో తల మీది దీపం ఆపితే ఎలా ఉంటుందో మళ్లీ మొదటినుంచి చెప్పేవాడివి.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ సార్ సమోసా తింటూ ఫోటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకొచ్చారు. నల్లగుడ్డ లాగేసి, పెట్టె మూత మీద చెయ్యి వేశారు.

"సార్, కరెంటున్నది! వెలుగు పడితే సెన్సర్ కాలిపోతది!" అని అరిచాను.

"ఏందమ్మా, చీకట్ల ఫోటో ఎట్లొస్తది? జర నవ్వు."

మూత తెరిచారు. ఫ్లాష్ మెరిసింది. గీత ఒక్కసారి ఎగిరి పడుకుంది, మళ్లీ లేవలేదు. ఆయన నూనె వేళ్లతో స్ఫటికాన్ని తట్టి, "రేపు జెండా ఎగరేసినంక పెద్దలొస్తరు. మంచిగ పనిచేస్తున్నదని చెప్పు," అన్నారు. రోత అనే మాటను ఇన్నాళ్లూ చదివానే కానీ, అది గొంతుదాకా వస్తుందని తెలియదు.

రేపు పొద్దున ఇస్త్రీ చేసిన చుడీదార్ వేసుకుని అందరికంటే ముందే వెళ్తాను. పెద్దలు వచ్చి కూర్చున్నాక, సెన్సర్ చచ్చిపోయిందని చెప్తాను, దాన్ని ఎవరు చంపారో కూడా చెప్తాను.

నీ బిడ్డ