వంద గజాల ఇవతల

ప్రియమైన అక్కకు,

నా ఫోను ఇంకా పోలీసుల దగ్గరే ఉంది, అందుకే ఈ ఉత్తరం. నువ్వు జామీను సంతకం పెట్టి నన్ను బయటికి తెచ్చి పన్నెండు రోజులైంది. షెడ్డులో లారీల బ్రేకులు విప్పుతున్నాను, బిగిస్తున్నాను. చెయ్యి ఒకచోట, మనసు ఒకచోట. కట్టుకున్న భార్యకు వంద గజాల దూరంలో ఉండాలట, మాట్లాడకూడదట, కబురైనా పంపకూడదట. ఒక్క చెంపదెబ్బకి ఇంత రాద్ధాంతమా? ఆమె పనిచేసే మందుల షాపు ఇక్కడికి రెండు వీధుల అవతలే. కాళ్లు అటే లాగుతున్నాయి.

నిద్రపట్టని నీ తమ్ముడు

ఒరే తమ్ముడూ,

ఆమె చెవిలో పొర చిరిగింది. ఆసుపత్రి కాగితం నేను చదివాను. ఇంకెప్పుడూ "ఒక్క చెంపదెబ్బ" అనకు. వకీలు మనిద్దరికీ చెప్పాడు కదా, "గీత దాటితే బెయిలు పోతుంది, పాత కేసు మీద కొత్త కేసు పడుతుంది, మళ్లీ జైలే" అని. ఆ షెడ్డు మానెయ్. ఆదివారం బస్సెక్కి ఇక్కడికి రా. కడుపునిండా తిని పడుకుందువుగాని.

గుండె దడతో, అక్క

ప్రియమైన అక్కా,

తిట్టకు. మంగళవారం మధ్యాహ్నం షాపులోకి వెళ్లి తలనొప్పి మాత్ర అడిగాను, అంతే. నేను నవ్వాను, తనూ నవ్వింది! మనసు మెత్తబడినట్టే. ఆ షాపాయన ఊరుకోక ఫిర్యాదు చేశాడు. పోలీసులు వస్తే, ఆ రోజంతా మా అక్క ఇంట్లో ఉన్నానని చెప్పాను. నిన్ను అడుగుతారు. అవునని ఒక్క మాట అను. నాన్న బెల్టు తీసినప్పుడు నన్ను వెనక దాచుకున్నది నువ్వే కదా.

నిన్నే నమ్ముకున్న తమ్ముడు

తమ్ముడూ,

కోర్టులో జడ్జిగారి చేతిలో నీ ఉత్తరం చూసి నావైపు తిరిగావు. ఎవరో ఎత్తుకెళ్లారనుకున్నావేమో. నేనే ఇచ్చాను.

అంతకుముందు ఆ షాపుకు వెళ్లాను. నన్ను చూడగానే మరదలు నా వెనక్కి చూసింది, నువ్వు కూడా వచ్చావేమోనని. "వాణ్ణి చూసి నవ్వావట?" అన్నాను.

"నవ్వక ఏం చెయ్యను వదినా? నవ్వకపోతే ఏం చేస్తారో! చేతిలోంచి మాత్రల డబ్బా జారిపోయింది. ఏరుతున్నట్టు బల్ల కింద కూర్చున్నాను. ఆయన వెళ్లాక కూడా లేవలేకపోయాను."

అక్కడి నుంచి ఇంటికి రాలేదు, నేరుగా స్టేషనుకే వెళ్లాను. జామీను కూడా వెనక్కి తీసుకున్నాను. శిక్ష ఎన్నాళ్లో వకీలుకే తెలియదంటున్నాడు. నువ్వు జవాబు రాయకపోయినా నేను రాస్తూనే ఉంటాను. వచ్చే శనివారం జైలుకి నిన్ను చూడ్డానికి ములాఖత్‌కి వస్తాను. చూడనంటే, పిలిచే దాకా జైలు గేటు దగ్గర బెంచీ మీదే కూర్చుంటాను.

నీ మీద సాక్ష్యం చెప్పిన,
నీ అక్క