మేలుకోని తెల్లకణాలు

పూణే,
మంగళవారం.

ప్రియమైన సువార్తక్కకు,

నీ చెల్లెలు కరుణ, ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నది. నేనిక్కడ బాగున్నాను. నువ్వు, బావ, మీ అత్తమ్మ, మన అమ్మ అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నీకు ఐదో నెల నడుస్తున్నదని అమ్మే చెప్పింది. నువ్వు చెప్పలేదని కోపం లేదక్కా. ఎందుకు చెప్పలేకపోయావో తెలుసు. ఫోను చేస్తే ఇద్దరం ఏడ్చి పెట్టేస్తున్నాం. అందుకే కాగితం మీద రాస్తున్నాను. బావ రొయ్యల గుంటలకు మేత వేయడానికి వెళ్ళినప్పుడు నిదానంగా చదువు.

ఇక్కడికొచ్చి ఏడు నెలలైంది. వాన పట్టుకుంటే వదలదు. గోడలు చెమ్మగిల్లిపోయాయి, ఉతికిన దుప్పటి మూడు రోజులకు కూడా ఆరదు. హాస్టల్లో పొద్దున అటుకులు, రాత్రికి చపాతీలు. అన్నం ఒక గరిటె పెడతారు. గదిలో నాతో ఉండే అమ్మాయి మంచిదే, కానీ ఆమెకు తెలుగు రాదు, నాకు మరాఠీ రాదు. ఒక ఆదివారం తెలుగు ఆరాధన ఉందని తెలిసి వెళ్ళాను. ఎవరో పాట ఎత్తుకోగానే నీ గొంతు గుర్తొచ్చింది. కూర్చోలేక బయటికొచ్చేశాను. అయినా బాగానే ఉన్నానక్కా, దిగులు పడొద్దు.

నేను చేసే పనేమిటో నీకెప్పుడూ సరిగా చెప్పలేదు. చెప్పాలంటే భయం. రక్తంలో తెల్లకణాలుంటాయి, రోగాలు వస్తే పోరాడేవి అవే. రాజ్మా గింజల నుంచి తీసిన ఒక పదార్థాన్ని వాటికి కలిపితే, శత్రువే వచ్చిందనుకుని మేలుకుంటాయి. అవి చీలి రెండింతలు కావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. కానీ మార్పు మొదటి గంటల్లోనే మొదలవుతుంది. ఆకలేసినట్టు చక్కెరను గబగబా లోపలికి లాక్కుంటాయి. మూడు రోజులు ఆగకుండా, ఆ తొలి మార్పును కొలిచి ఆ పూటకే కొంత తెలుసుకోవచ్చేమోనని మా మేడమ్ ప్రయత్నం. ఆమె దగ్గరే నా పని. మా హాస్టల్లో వారానికోసారి ఆ గింజల కూరే వండుతారు. ఆ రోజు నేను మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటాను.

చెన్నై ఆసుపత్రిలో నీ చిట్టి కొడుక్కు, మన జోయల్‌కు చేసింది కూడా ఆ గింజల పరీక్షేనక్కా.

పోయిన నెల ఒక ఏడు నెలల పాప రక్తం వచ్చింది. పోల్చి చూడటానికి పక్కన ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తం కూడా పెట్టాలి. ఆ రోజు నేనే చెయ్యి చాపాను. రెండింటికీ అదే పదార్థం, అదే వేడి. మధ్యాహ్నానికి నా కణాలు చక్కెర తాగుతున్నట్టు మిషన్లో గీత పైకెక్కింది. పాప కణాల గీత కదల్లేదు. నావల్లే తప్పు జరిగిందేమోనని మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. మూడో రోజుకు కూడా ఆ కణాలు మేలుకోలేదు.

పాప తల్లి కింద వరండాలో కూర్చుని ఉంది. నా తెల్లకోటు చూసి లేచి, హిందీలో అడిగింది. "నేను చన్నీళ్ళు పోసుకుని పాలిచ్చాను దీదీ. దానివల్లే పాపకిట్లా అయిందా?"

ఫలితం చెప్పాల్సింది డాక్టర్లు, నేను కాదు. కానీ ఆ ఒక్కమాటకు జవాబు చెప్పకుండా ఉండలేకపోయాను. "కాదమ్మా, చన్నీళ్ళ వల్ల ఇట్లాంటిది రాదు" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

అక్కా, ఆమె మొహంలో నువ్వే కనిపించావు. "సందేళ బిడ్డను సముద్రం గట్టుకు తీసకపోయింది, ఆ గాలే మింగేసింది" అని మీ అత్తమ్మ అంటే నువ్వు తల దించుకున్నావు. ఆ గాలి కాదక్కా. వాడి తెల్లకణాలు పుట్టుకతోనే అట్లా ఉన్నాయి. నువ్వు చేసిన తప్పేమీ లేదు. ఈ మాట అత్తమ్మకు చదివి వినిపించు.

తప్పు చేసింది నేను. చెన్నైలో ఆ పరీక్ష ఫలితం నాకు ముందే తెలిసింది. నేనూ ల్యాబ్ కోర్సు చదువుతున్నదాన్నే కదా అని అక్కడి టెక్నీషియన్ వరండాలో నాకు చెప్పేశాడు. లోపలికొస్తే నువ్వు వాడికి పసుపు చొక్కా తొడుగుతున్నావు. "ఏమంటుండారు మే? ఎల్లుండికి ఇంటికి పంపిస్తారా?" అని అడిగావు. "ఇంకా రాలేదక్కా, మంచిగానే వస్తుందిలే" అన్నాను. ఆ మాట నమ్మి, ఇల్లు కడిగి వస్తానని నువ్వు ఊరికెళ్ళావు. తిరిగొచ్చేసరికి వాడిని ఎవరినీ రానివ్వని అద్దాల గదిలోకి మార్చారు. మళ్ళీ వాడు నీ ఒళ్ళోకి రాలేదు.

నీకు దక్కాల్సిన చివరి రోజును నేను పోగొట్టాను. రెండేళ్ళుగా ఇది నా గొంతులోనే ఉంది. నన్ను తిట్టు, మాట్లాడొద్దనిపిస్తే మాట్లాడొద్దు. కానీ ఒక్కటి మాత్రం విను.

ఈ వారమే నెల్లూరు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి జోయల్ సంగతి మొత్తం చెప్పు, దాచొద్దు. వాడి కాగితాలు బీరువాలో పై అరలో ఉన్నాయి, తీసుకెళ్ళు. బిడ్డ పుట్టగానే రక్తపరీక్ష చేయించాలని ముందే మాట్లాడుకో. పుట్టిన రోజే వేసే టీకాలు కొన్ని ఇట్లాంటి బిడ్డలకు పడవు. పరీక్ష అయ్యేదాకా ఏవి ఆపాలో ఆమెనే అడుగు. ఈ బిడ్డకు ఏమీ ఉండకపోవచ్చు. ఒకవేళ ఉన్నా, జబ్బులేవీ సోకకముందే తెలిస్తే వైద్యం ఉంది. జోయల్ విషయంలో మనకు తెలిసేసరికే ఆలస్యమైంది.

వేళకు తిను. బావకు నా నమస్కారాలు. అమ్మను నా కోసం ప్రార్థన చేయమను. అత్తమ్మకు వందనాలు, ఆమె మీద నాకేమీ కోపం లేదు.

నీ కాన్పుకు సెలవు అడిగాను, ఇస్తామన్నారు. నువ్వు రానిస్తే వస్తాను. ఈసారి ఏది తెలిసినా, మంచైనా చెడైనా, తెలిసిన నిమిషంలోనే నీ ఎదుట నిలబడి చెప్తాను.

నీ దీవెన కోరే చెల్లెలు,
కరుణ